ఏసీ గోడకు రెండు వైపులా బూజు: బరంపురం ఇంట్లో రెండు నెలల పని డైరీ

ఇల్లు ఒడిశాలోని బరంపురంలో, కొమాపల్లి వైపు. కింది అంతస్తు. పడకగదికీ సామాన్ల గదికీ మధ్య అయిదంగుళాల ఇటుక గోడ ఉంది. ఆ గోడకు పడకగది వైపు ఏడున్నర అడుగుల ఎత్తున ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ బిగించారు. దాని నీటి పైపును గోడలోనే పూడ్చి, ఏడడుగులు అడ్డంగా నడిపి వెనక సందులోకి వదిలారు. ఏసీ కింద నల్లటి బూజు మరక, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. గోడకు అవతల సామాన్ల గదిలో బీరువా వెనక మరో మరక, మూడడుగులు బై ఆరడుగులు. ఇంట్లోవాళ్లు రెండూ ఒకే లీకు అనుకున్నారు. అంతకుముందు రెండుసార్లు బ్లీచింగ్ కొట్టి రంగు వేయించారు, రెండుసార్లూ ఆరు వారాల్లోపే బూజు తిరిగొచ్చింది.

రోజు 1, జులై రెండో వారం

ఈ రోజు తుడవలేదు, గోకలేదు. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేలకుండా బ్లీచింగ్ డబ్బా మూత తీయడం దండగ.

ముందు ఆకారం చూశాం. ఏసీ కింది మరక నిలువుగా చారలు చారలుగా దిగింది. అంచులు గోధుమ రంగు, మధ్యలో నలుపు, పుట్టీ పొంగి పెచ్చులుగా లేస్తోంది. పైనుంచి నీళ్లు కారితే వచ్చే రూపం ఇదే. బీరువా వెనకది అలా లేదు. బీరువా ఎంత ఉందో అంతే చదరంగా, అచ్చు గుద్దినట్టు ఉంది. చారలు లేవు, పెచ్చులు లేవు. రంగు మీద నల్లటి, ఆకుపచ్చటి చుక్కలు పొడిలా పరుచుకున్నాయి. పైగా ఏసీ నీళ్లు కారే చోటుకు ఇది అయిదడుగుల దూరం.

తర్వాత మూడు పరీక్షలు చేశాం.

మొదటిది, అది బూజేనా ఉప్పా అని. అడుగున తెల్లటి పొర ఒకటి ఉంది. తడి గుడ్డ పెడితే కరిగిపోయింది, కాబట్టి అది ఉప్పు. నల్లటి చుక్క మీద పలచని బ్లీచ్ ఒక్క బొట్టు వేశాం. రెండు నిమిషాల్లో రంగు వెలిసింది. అది బూజు. మురికైతే వెలవదు.

రెండోది డ్రిల్లు. ఆరు మి.మీ. బిట్‌తో రెండు చోట్లా నాలుగు సెం.మీ. లోతు రంధ్రం కొట్టి, వచ్చిన పొడిని కాగితం మీద పట్టాం. ఏసీ కింది పొడి ముద్దలు కట్టి బిట్‌కే అంటుకుంది. వేళ్ల మధ్య నలిపితే తడి పిండిలా ఉంది. బీరువా వెనకది మొదటి మూడు మి.మీ. మాత్రం తడి, ఆ తర్వాత పొడి దుమ్ములా రాలింది. పక్కనే ఉన్న మిస్త్రీ మొదటి రంధ్రం దగ్గర "ఓదా, ఓదా" అన్నాడు, ఒడియాలో తడి అని. రెండో దాని దగ్గర ఏమీ అనకుండా పొడిని మళ్లీ మళ్లీ నలిపి చూశాడు.

మూడోది ఉష్ణోగ్రత. ఏసీ 18 మీద పెట్టి రాత్రంతా నడిపారు. పొద్దున ఆరింటికి సామాన్ల గదిలో గాలి 31 డిగ్రీలు, తేమ 76 శాతం. ఆ లెక్కన మంచు బిందువు 26 డిగ్రీల పైచిలుకు. అంటే 26కి దిగిన ఏ వస్తువు మీదైనా గాలిలోని తేమ నీళ్లవుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో గోడ చూస్తే ఖాళీగా ఉన్న చోట 27.6, బీరువా జరిపిన వెంటనే దాని వెనక 25.4. ఈ థర్మామీటర్‌ను మెరిసే లోహం మీద పెడితే తప్పు చూపిస్తుంది, రంగు వేసిన గోడ మీదే పెట్టాలి.

లెక్క ఇక్కడ తేలిపోయింది. బీరువా వెనక చెమ్మకు పైపుతో సంబంధం లేదు. ఏసీ గది చల్లదనం అయిదంగుళాల గోడ దాటి ఇవతలికి వస్తోంది. సామాన్ల గదిలోది సముద్రపు గాలి, తీరంలోని గోపాలపురం (గోపాల్‌పూర్) ఇక్కడికి పదిహేను కిలోమీటర్లే. గోడకు ఆనించిన బీరువా గది వేడిని గోడ దాకా పోనివ్వదు. దాంతో ఆ చదరం మిగతా గోడకన్నా రెండు డిగ్రీలు చల్లబడి, చల్లటి గ్లాసుకు పట్టినట్టే చెమట పట్టింది. ఖాళీ గోడ కూడా ప్రమాదంలోనే ఉంది. 27.6 దగ్గర గోడను తాకే గాలి తేమ 90 శాతం దాటుతుంది. బూజుకు నీటి చుక్కే అక్కర్లేదు. గోడ మీద తేమ 80 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే చాలు, మొలుస్తుంది.

"ఏసీ 18లో పెట్టిన రాత్రి తెల్లారి బీరువా తీస్తే వాసన వస్తాది బాబూ, 24లో పెడితే అంత రాదు" అని ఇంటావిడ చెప్పారు. పరికరాలు చెప్పిందీ అదే.

రోజు 2

పైపు వెంబడి గోడ తెరిచాం. గాడి ఏడడుగులు. నీళ్ల దారిలో మూడు తప్పులు, గ్యాసు నడిచే రాగి గొట్టాల దగ్గర ఒకటి.

ఏసీతో వచ్చిన మెత్తటి గొట్టాన్ని గోడలోని ముడతల పైపులోకి ఊరికే దూర్చి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టారు. నీళ్ల అతుకుకు టేపు పనికిరాదు. జిగురు ఏడాదిలో ఊడిపోయింది, నీళ్లు అక్కణ్ణుంచే గోడలోకి దిగాయి.

వాటర్ ట్యూబుతో మట్టం చూస్తే ఏడడుగులకు వాలు మూడు మి.మీ. మాత్రమే. మీటరుకు కనీసం ఒక సెం.మీ. ఉండాలి, రెండుంటే నిశ్చింత. పైగా ముడతల పైపు రెండు చోట్ల ఉయ్యాలలా కిందికి వంగి, ఆ వంపుల్లో నీళ్లు నిలిచిపోయాయి. కోసి చూస్తే లోపల బెల్లం పాకంలా సాగే గోధుమ రంగు జిగురు పాచి, మూడొంతులు పూడిపోయింది. గదిలో దుమ్ము, చర్మపు పొట్టు ఫిల్టరు దాటి, ట్రేలోని నీళ్లలో కలిసి పెరిగే పాచి ఇది. వాలున్న నున్నటి పైపులో ఎక్కువగా కొట్టుకుపోతుంది. ముడతల్లో మాత్రం కూర్చుంటుంది.

మూడో తప్పు సందులో ఉంది. మొక్కలకు పనికొస్తాయని పైపు చివర బకెట్‌లో పెట్టారు. బకెట్ నిండితే పైపు మూతి నీళ్లలో మునిగి, లోపలి గాలి పోవడానికి దారి ఉండదు. నీళ్లు ఆగి ఆగి వెనక్కి వచ్చి, ట్రే అంచు దాటి గోడ మీద పడతాయి. బరంపురంలో చాలా ఇళ్లలో ఈ బకెట్ కనిపిస్తుంది. బకెట్ ఉండొచ్చు, కానీ పైపు మూతి దాని అంచుకు జానెడు పైన ఆగాలి.

రాగి గొట్టాల సంగతి. సన్నదాన్నీ లావుదాన్నీ కలిపి ఒకే తొడుగులో చుట్టారు. ఇన్వర్టర్ స్ప్లిట్‌లో గ్యాసు ఒత్తిడి బయటి యూనిట్‌లోనే తగ్గుతుంది కాబట్టి లోపలికొచ్చే సన్న గొట్టం కూడా చల్లగానే ఉంటుంది. ఒక్కోదానికి విడిగా తొడుగుండాలి. ఇక్కడ తొడుగు రెండు చోట్ల చిరిగి, రాగికి పట్టిన చెమట గాడిలోకి కారింది.

రోజు 3

గోకుడు. మరకలు రెండూ కలిపి ముప్పై చదరపు అడుగులు. పది చదరపు అడుగుల లోపైతే ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. దాటినప్పుడు గదిని మూసే చేయాలి. తలుపుకు పాలిథిన్ అంటించి, కిటికీలో టేబుల్ ఫ్యాను బయటికి ఊదేలా పెట్టాం. మెయిన్‌లో ఏసీ ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించి యూనిట్‌ను పాలిథిన్‌లో చుట్టేశాం. గోకేటప్పుడు ఏసీ నడిస్తే బూజు పొడంతా కాయిల్ మీదికి పోతుంది. ఎన్95 మాస్కు, రబ్బరు గ్లౌజులు, పక్కల్లో రంధ్రాలు లేని కళ్లద్దాలు వాడాం. ఉబ్బసం ఉన్నవాళ్లను, పిల్లలను ఆ రోజు ఇంట్లో ఉంచలేదు.

పొడి గోడ మీద బ్రష్షు పెట్టకూడదు. ముందు సబ్బు నీళ్లు సన్నగా స్ప్రే చేసి, తడిసిన బూజునే పుట్టీ బ్లేడుతో గోకాలి. ఏసీ వైపు పుట్టీ, ప్లాస్టరు రెండూ ఇటుక దాకా తీసేశాం, మరక అంచుకు ఇంకో అడుగు అవతలికి కూడా. పుట్టీ కింద ప్లాస్టరు వేలితో నొక్కితే రాలిపోయింది. ఒకచోట అది సిమెంటు పుట్టీ కాదు, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్). తడి పీలిస్తే మెత్తబడి పాడవుతుంది. ఏసీ గోడకు పీఓపీ పెట్టకూడదు.

బీరువా వైపు ప్లాస్టరు గట్టిగానే ఉంది. రంగు మాత్రం గీకి, లీటరు నీళ్లకు రెండు చెంచాల బట్టల పౌడరు కలిపి తోమి, మంచినీళ్లతో తుడిచాం. తర్వాత మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ స్ప్రే చేసి, పది నిమిషాలాగి తుడిచాం. ఆఖరున లీటరు గోరువెచ్చని నీళ్లలో 40 గ్రాముల వెలిగారం కలిపి బ్రష్షుతో పూసి, కడగకుండా వదిలేశాం. ఆరాక ఆ వెలిగారం గోడలోనే ఉండి బూజును త్వరగా మొలవనివ్వదు. మింగితే విషం. పిల్లల చేతికీ పశువుల నోటికీ అందకూడదు.

బ్లీచింగ్ ఎందుకు వాడలేదంటే, టైలు మీద, గాజు మీద అది బాగా పనిచేస్తుంది. గోడ లాంటి పీల్చే వస్తువు మీద పైన రంగు వెలుస్తుంది, లోపల వేళ్లు మిగులుతాయి, బ్లీచ్‌లోని నీళ్లు గోడకు కొత్త తడిగా చేరుతాయి. తెల్లబడింది కదా అని మోసపోవడం ఇక్కడే. టైలు మీద వాడేటప్పుడు కూడా టాయిలెట్ క్లీనర్‌తో గాని వెనిగర్‌తో గాని అమ్మోనియాతో గాని కలపకూడదు. యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూములో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

రోజు 4

కొత్త నీటి పైపు. మళ్లీ గోడలో పూడ్చలేదు. కావలసిన వాలు పాత గాడిలో పట్టదు, పట్టించాలంటే అయిదంగుళాల గోడనే ఇంకా లోతుగా అడ్డంగా కొట్టాలి. అది గోడకు మంచిది కాదు. ఒక మూల చిన్న పైపు కనిపించడంకన్నా పాడైనప్పుడు చెయ్యి పెట్టలేకపోవడమే పెద్ద ఇబ్బంది.

వాడినవి: అంగుళం యూపీవీసీ పైపు ఎనిమిదడుగులు, 45 డిగ్రీల బెండులు రెండు, టీ (మూడు మూతుల జాయింటు) ఒకటి దాని మూతతో సహా, సాల్వెంట్ సిమెంటు, క్లాంపులు నాలుగు, తొమ్మిది మి.మీ. మందం నైట్రైల్ రబ్బరు తొడుగు. 90 డిగ్రీల ఎల్బో వాడలేదు, పాచి ముందు అక్కడే ఆగుతుంది. టీ ఏసీ పక్కనే పెట్టి మూత పైకి వచ్చేలా బిగించాం. మూడు నెలలకోసారి మూత తీసి, అర లీటరు గోరువెచ్చని నీళ్లు పోయడానికి అది. ఏసీ గొట్టానికీ పైపుకీ మధ్య రెండు సైజులను కలిపే రబ్బరు రెడ్యూసర్, దాని మీద స్టీలు క్లిప్పు. ఇక్కడ టేపు లేదు.

ఏసీ దగ్గర ఎత్తుకన్నా బయటి గోడ దగ్గర 45 మి.మీ. కిందికి గుర్తు పెట్టి, దారం లాగి, దారం వెంబడే క్లాంపులు కొట్టాం. రసమట్టం బుడగ వాలు ఎటో చూపిస్తుంది, ఎంతో చూపించదు. దాని మీదే ఆధారపడితే మూడు మి.మీ. వాలు కూడా సరిపోయినట్టే కనిపిస్తుంది. గోడ బయటి రంధ్రం కొత్తగా, బయటివైపు వాలేలా కోశాం. పాత రంధ్రం లోపలికే వాలి ఉంది. ఈశాన్యం నుంచి కొట్టే వానకు అది కాలువే. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలిలో వాన కిందికి పడదు, అడ్డంగా వస్తుంది. రాగి గొట్టాల చుట్టూ ఫోమ్ నింపి, పైన సిలికాన్ పట్టించాం. గొట్టాలను గాడిలోంచి వంగకుండా బయటికి లాగి, విడివిడిగా 13 మి.మీ. తొడుగులు వేశాం. వంపు దగ్గర చేత్తో బలవంతం చేస్తే రాగి నలుగుతుంది. నలిగితే గ్యాసు తీసి మళ్లీ నింపాల్సిందే. నీటి పైపుకు కూడా తొడుగు ఎందుకంటే ఏసీ నీళ్లు చల్లగా ఉంటాయి. తొడుగు లేకపోతే ఆ పైపే చెమట పడుతుంది, లీకు ఆగలేదని మళ్లీ గొడవ.

అతుకుల చుట్టూ టిష్యూ కాగితం చుట్టి ట్రేలో రెండు లీటర్లు మెల్లగా పోశాం. సందులో నీళ్లు వెంటనే మొదలై ధారగా వచ్చాయి, కాగితం పొడిగానే ఉంది. తర్వాత ఏసీ గంట నడిపితే సీసాలో లీటరున్నర చేరింది. వానాకాలం ఈ యూనిట్ గంటకు లీటరు నుంచి రెండు లీటర్లు తీస్తుంది. లీకున్నన్నాళ్లూ ఇందులో ఎంతో కొంత రాత్రంతా గోడ తాగిందన్నమాట.

రోజు 5

లోపలి యూనిట్ కడుగుడు. కవరు, ఫిల్టర్లు, ముందు ట్రే తీసి, సర్క్యూట్ బోర్డును పాలిథిన్‌తో మూసి, కింద సంచీ కట్టి జెట్ పంపుతో కడిగాం. ఊదే సిలిండరు ఫ్యాను రెక్కల మీద నల్లటి బూజు పొర పేరుకుని ఉంది. ఫిల్టరు ఎన్నిసార్లు కడిగినా గదికి వాసన అక్కణ్ణుంచే వస్తుంది. ఘాటైన క్షారపు కెమికల్ కొట్టకూడదు, అల్యూమినియం రెక్కలు తినేస్తుంది. పలచని సబ్బు నీళ్లు చాలు. వెనక ట్రే కొందరు మరిచిపోతారు. ముందుది మెరిసిపోతున్నా, వెనకది పూడితే నీళ్లు గోడ వైపే కారతాయి.

బిగించేటప్పుడు యూనిట్ మట్టంగా ఉందో లేదో రసమట్టంతో చూశాం. కాయిల్‌కు మంచు పట్టే గుర్తులు లేవు. మంచు పట్టి కరిగి కారుతుంటే ఈ పైపు పనంతా చేసినా లాభం లేదు. ఫిల్టరు మూసుకుపోయిందో గ్యాసు తగ్గిందో ముందు చూడాలి.

రోజు 6 నుంచి 27 దాకా

ఆరబెట్టడం. రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అయినా పనంతా ఇక్కడే చెడేది. ఇటుక గోడ ఆరడానికి మందం అంగుళానికి దాదాపు నెల పడుతుందని పాత లెక్క. ఇక్కడ రెండు వైపులా గాలి తగలడం, ఏసీ గది తేమ 55 శాతం దాటకపోవడం కలిసొచ్చాయి. ఏసీ డ్రై మోడ్‌లో, సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా, కిటికీలు మూసి. వానాకాలంలో గాలి ఆడాలని కిటికీలు తెరిస్తే గోడ ఆరదు, బయటి గాలిలోనే తేమ ఎక్కువ. హాలోజన్ లైటు పెడదామన్నారు, వద్దన్నాం. పై పొర ఆరి, లోపలి తడి లోపలే ఉండిపోతుంది. రెండో వారంలో వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కొట్టేద్దామన్న సలహా కూడా వచ్చింది. తడి గోడకు కోటింగ్ కొడితే తడిని లోపల పెట్టి తలుపేసినట్టే. రెండు నెలల్లో బుడగలు లేస్తాయి.

తేమ కొలిచే పిన్ మీటరుతో రోజు విడిచి రోజు చూశాం. ఆ మీటరు కలపకు చేసింది, గోడ మీద అంకెకు సొంత అర్థం లేదు. తడి తగలని మరో గోడ అంకెతో పోల్చాలి. ఆ పొడి గోడ 12 చూపించింది. మరక చోటు మొదట కొలత దాటిపోయింది, పదో రోజుకు 27, ఇరవై ఏడో రోజుకు 14.

ఈలోగా బీరువా. అది ఆ గోడ వదిలి ఎదుటి గోడకు, అంటే ఏసీ గదికి ఆనని గోడకు చేరింది, వెనక ఆరంగుళాల ఖాళీతో. లోపల పట్టు చీరలున్నాయి, రెండు బరంపురం పట్టు. జరీ అంచు మడతల్లో తెల్లటి నూగు కనిపించింది. ఎండలో వేయకుండా నీడలో, ఇంటి బయట దండెం మీద విప్పి, మెత్తటి బ్రష్షుతో నేత వెంబడి దులిపాం. తడి గుడ్డ పెడితే మరక పట్టులోకి దిగుతుంది. తర్వాత డ్రై క్లీనింగ్. వేపాకు పురుగుకు పనికొస్తుందేమో గాని బూజుకు కాదు. చీరలు బాగా ఆరాక కాటన్ గుడ్డలో చుట్టి పెట్టాలి, ప్లాస్టిక్ కవర్లలో కాదు.

రోజు 28 నుంచి 55

ఏసీ వైపు గాడిని ఇటుక ముక్కలతో నింపి, ఒకటికి అయిదు పాళ్ల సిమెంటు ఇసుకతో 12 మి.మీ. ప్లాస్టరు. ఏడు రోజులు క్యూరింగ్. అంటే మనమే మళ్లీ గోడను తడుపుతున్నాం. అందుకే రంగుకు తొందరపడకుండా ఇంకో రెండున్నర వారాలు ఆగాం. మీటరు 13కు దిగాక సిమెంటు పుట్టీ ఒక పూత, తడి బయటికి పోనిచ్చే మామూలు రంగు రెండు పూతలు.

సామాన్ల గది గోడకు రంగే వేయలేదు. తడి సున్నం మూడు పూతలు. సున్నం గోడను ఊపిరాడనిస్తుంది. దాని క్షారం మీద బూజు సులువుగా మొలవదు. ఆ క్షారం కాలంతో తగ్గుతుంది, కాబట్టి ఏటా ఒక పూత పడాలి. పాత ప్లాస్టిక్ రంగు మీద సున్నం నిలవదు, ముందు గీకి తీయాలి.

రోజు 62

ఏసీ ఇప్పుడు 26 మీద, సీలింగ్ ఫ్యాను తోడుగా. పొద్దున ఆరింటికి సామాన్ల గది గోడ 29.4. అయినా గదిలో తేమ 76 దగ్గరే ఉంటే గోడను తాకే గాలి తేమ 83 శాతం, బూజు మొలిచే 80 శాతం గీతకు పైనే. అంటే ఏసీ పెంచడం, బీరువా జరపడం రెండూ అవసరమే కాని చాలవు. గాలిలో తేమ లాగే చిన్న డీహ్యూమిడిఫయర్ ఒకటి కొని 60 శాతానికి పెట్టారు. తలుపు మూసి నడిపితే రాత్రికి మూడు లీటర్ల దాకా పోగవుతోంది, బకెట్ రోజూ పారబోయాలి. నడుస్తున్నప్పుడు గది ఒక డిగ్రీ వేడెక్కుతుంది, గోడకు అది మేలే. కొనలేని ఇళ్లలో రెండు గదుల మధ్య తలుపు రాత్రంతా తీసి ఉంచినా గోడ రెండు వైపులా ఒకే చల్లదనం ఉంటుంది. కరెంటు కొంచెం ఎక్కువవుతుంది.

డ్రిల్లు కొట్టిన పాత రంధ్రాల పక్కనే ఇంకో రెండు కొట్టాం. రెండు చోట్లా పొడి దుమ్మే రాలింది. టీ మూత తీసి చూస్తే పాచి నూలు పోగంత కూడా లేదు. అక్టోబరు తుఫాన్లకు ముందు బయటి రంధ్రం సిలికాన్ పగుళ్లు చూడాలి, డిసెంబరులో ఏసీ ఆపేటప్పుడు పైపు మూతికి గుడ్డ కట్టాలి, లేకపోతే కందిరీగలు లోపల మట్టి గూడు పెడతాయి. వేసవిలో ఏసీ మొదటిసారి వేసే ముందు ఆ గుడ్డ తీయాలని స్విచ్ పక్కన కాగితం అంటించాం.